రాలిన సొమ్ము వెంట పది రోజులు

ఉరికంబం దగ్గర వరసగా ఖైదీలు నిలబడి ఉంటారు. వాళ్లలో ఒకర్ని ఎంచుకోమంటుంది ఆట. మనం ఎంచుకున్నవాళ్లు తప్పించుకుని ఏట్లో పడతారు. మిగతావాళ్ల గతి ఏమైందని అడక్కూడదు. కళ్లు తెరిచేసరికి బురద ఒడ్డు, మసక వెలుతురు, చేతిలో చెప్పుకోదగ్గ ఆయుధమేమీ ఉండదు. నాలుగడుగులు వేస్తే చాలు, శవాలు లేచి మీదికొస్తాయి.

నేను పెన్నా ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. మా సంగంలో ఏరంటే బ్రిటిష్ కాలపు పాత ఆనకట్ట, 2022 సెప్టెంబరులో ప్రారంభమైన కొత్త బ్యారేజీ, సంగమేశ్వరుడి గుడి. ఏటి ఒడ్డు ఇంత భయంగా కూడా ఉండొచ్చని మొదటిసారి ఓ లాప్‌టాప్‌లో చూశాను.

ఆట పేరు ‘పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2’. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు చెందిన గ్రైండింగ్ గేర్ గేమ్స్ అనే కంపెనీ చేసింది. 2024 డిసెంబరు 6న, ఇంకా పూర్తి కాకుండానే, ‘ముందస్తు ప్రవేశం’ పేరుతో జనంలోకి వదిలారు. ఆ వారాంతంలోనే స్టీమ్ అనే ఒక్క వేదిక మీదే ఒకేసారి ఐదున్నర లక్షలమందికి పైగా ఆడారు. సగం ఉడికిన అన్నానికి అంత పంక్తి! 2025 ఆగస్టు 29న నాలుగో అంకం కలిపి ఇంకో వడ్డన చేశారు. దసరా సెలవులకు మా అక్క కొడుకు ఇంటికొచ్చినప్పుడు ఆడుతున్నది ఇదే.

నేనెందుకు ఆడానో చెప్పాలి. నాకు ఆటల పిచ్చి లేదు, ఫోనులో సుడోకు తప్ప. మా బావ ఫోనులో రమ్మీ ఆడి, రెండు కార్ల వడ్ల డబ్బూ, ఆ తర్వాత అక్క మెడలోదీ పోగొట్టాడు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. అయినా ఆడేవాడికి దారులు దొరికాయి. ఇప్పుడాయన మానేశాడు. అక్క మాత్రం ఇంట్లో ఎవరి చేతిలో తెర వెలిగినా ఉలిక్కిపడుతుంది. కొడుకు గది ముందు నుంచి పోతుంటే లోపల బంగారు నాణేలు రాలిన చప్పుడు వినపడిందట. ఆ రాత్రే నాకు ఫోను.

“ఏమ్మే, వాడు ఆ పెట్టెలో ఆడేది కూడా అట్టాంటిదేనా? వాణ్ణడిగితే కాదంటాడు. నాకు నమ్మబుద్ధి కాలా. నువ్వు కూర్చోని చూసి చెప్పు.”

చూస్తే తెలిసే రకం కాదని మొదటి పది నిమిషాల్లోనే అర్థమైంది. ఆడాలి. వాడి లాప్‌టాప్‌లోనే నాకో పాత్రను పెట్టుకున్నాను. మంత్రగత్తె. చచ్చిన ఎముకల్ని లేపి సైన్యంగా నడిపిస్తుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, వాటికి ‘చిత్ర’ వేసిన బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లకి ఇందులో కొత్తగా వింతేమీ లేదు. పుర్రెల దండ, మంత్రదండం, శిథిలమైన గుడి, అన్నీ తెలిసిన సామానే. చందమామలో మనం మాంత్రికుడి మీద గెలవాలి. ఇక్కడ మాంత్రికురాలు మనమే, అదొక్కటే తేడా.

ఒడ్డు దాటి క్లియర్‌ఫెల్ అనే శిబిరం చేరాలి. దాని వాకిట్లోనే మొదటి పెద్ద రాక్షసుడు అడ్డం నిలబడతాడు. ఒకప్పుడు పిండిమర నడిపినవాడు, ఏదో మాయరోగం సోకి ఉబ్బిపోయి గొడ్డలి పట్టుకు తిరుగుతున్నాడు. వాడి చేతిలో నేను మూడుసార్లు చచ్చాను. మా అల్లుడు (మా వైపు అక్క కొడుకునీ కొందరు అల్లుడనే పిలుస్తారు, నాకూ అదే అలవాటు) పక్కన కూర్చుని మిక్చరు తింటూ “దొర్లాల పిన్నమ్మా, నిలబడి కొట్టించుకుంటావేంది” అన్నాడు. స్పేస్ మీట నొక్కితే మన పాత్ర పక్కకు దొర్లుతుంది. ఆటంతా ఈ దొర్లడంలోనే ఉంది. ఈ రకం ఆటలు మామూలుగా మౌసు నొక్కుతూ గుంపుల్ని కోసుకుపోవడమేనట. ఇందులో మాత్రం ప్రతి పెద్ద రాక్షసుడి దెబ్బకూ ఒక తాళం ఉంటుంది. అది పట్టుకోవాలి. నాలుగోసారి వాడు పడ్డాడు.

పడగానే వాడి ఒంట్లోంచి సొమ్ము రాలింది. అక్క విన్న చప్పుడు అదే.

నాణేలు, చెప్పులు, తుప్పు కత్తి, ఒక ఉంగరం. ప్రతి వస్తువు పేరూ నేల మీద ఓ రంగులో మెరుస్తుంది. తెల్లవి మామూలువి. నీలం వాటికి ఒకటి రెండు గుణాలుంటాయి. పసుపు వాటికి ఆరు దాకా ఉండొచ్చు. నారింజ రంగువి కథ, పేరు ఉన్న ప్రత్యేకమైన వస్తువులు. మొదటి రోజు నేను అన్నీ ఏరాను. పెళ్లి భోజనాల దగ్గర విస్తరాకు కూడా వదలని మనిషిలాగా. “తెల్లవి ఏరొద్దు, సంచి నిండిపోద్ది” అని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు. రెండో రోజుకి బియ్యంలో రాళ్లు ఏరినంత వేగంగా కళ్లకు అలవాటైంది. తెలుపు, తెలుపు, నీలం, తెలుపు... పసుపు! చెయ్యి దానంతటదే వెళ్తుంది.

ఈ ఆటల వంశవృక్షం గురించి చెప్పుకోవాలి. వీటి మూలపురుషుడు 1996 చివర్లో వచ్చిన ‘డయాబ్లో’. దాని రూపకర్త డేవిడ్ బ్రెవిక్ కాలిఫోర్నియాలో మౌంట్ డయాబ్లో అనే కొండ దాపున ఉండేవాడు. ఆ పేరే ఆటకు పెట్టాడు. ఆ కొండ చుట్టుపక్కల శాన్ రామోన్, డబ్లిన్ ఊళ్లలో ఇవాళ మనవాళ్లు బోలెడంతమంది. మా వీధివాళ్ల పిల్లలే ఇద్దరున్నారు. ముందు ఆయన ఆ ఆటను చదరంగంలా, నువ్వొక ఎత్తు నేనొక ఎత్తు అన్నట్టు రాశాడు. పెట్టుబడి పెట్టిన బ్లిజార్డ్ కంపెనీవాళ్లు ఆగకుండా జరిగేట్టు మార్చమన్నారు. మార్చాడు. ఆ మార్పుతో, కొట్టగానే శత్రువు పడటం, పడగానే ఏదో ఒకటి రాలడం ఒకే క్షణంలోకి వచ్చాయి. ఈ రకం ఆటలన్నీ అప్పట్నుంచీ ఆ క్షణం మీదే బతుకుతున్నాయి.

మన జానపదాల్లో కూడా వస్తువుల వేట ఉంది. 1951 నాటి ‘పాతాళ భైరవి’లో తోటరాముడు గుహలోకి వెళ్లేదీ ఒక బొమ్మ కోసమే. కానీ మన కథల్లో వస్తువు ఒక్కటే. దానికోసం ఎన్ని పరీక్షలు పెట్టినా, గెలిచినవాడికి అది దొరికి తీరుతుంది. అర్హతకు దక్కే ఫలం అది. ఈ ఆటలో అర్హత లేదు, పాచికలే. నేను చెమటోడ్చి చంపిన రాక్షసుడి దగ్గర తుప్పు కత్తి రాలొచ్చు, దారినపోయే ఎలుకను తొక్కితే కిరీటం రాలొచ్చు. ఈ తేడా నాకు బాగా పట్టింది.

నాకు దీనికి దగ్గరగా తోచింది సినిమా కాదు, తొలకరి. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, అనంతపురం జిల్లా వజ్రకరూరు పక్క ఏటా మొదటి వానలు పడగానే జనం పొలాల్లో వంగి నడుస్తారు. కొట్టుకుపోయిన మట్టిలో వజ్రం మెరుస్తుందేమోనని. పక్క జిల్లాల నుంచి సద్దులు కట్టుకుని వచ్చి చెట్ల కింద మకాం వేస్తారు. ఎవరికో ఒకరికి దొరుకుతుంది, పేపర్లో పడుతుంది. ఆ వార్త చదివి మరుసటేడు ఇంకొంతమంది బయల్దేరతారు. దొరకనివాళ్లు పేపర్లో పడరు కదా. ఈ ఆటలో రోజూ తొలకరే. ప్రతి రాత్రీ వాన పడే ఉంటుంది, ప్రతి చేలోనూ ఏదో ఒకటి మెరుస్తూనే ఉంటుంది.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పావురాల మీద చేసిన పని చాలామందికి తెలిసిందే. పొడిచిన ప్రతిసారీ గింజ వస్తే, గింజ ఆగిపోగానే పావురం పొడవడం మానేస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియకుండా వస్తుంటే మాత్రం, ఆగిపోయాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. రమ్మీ ఆప్ తయారుచేసినవాడికీ, ఈ ఆట చేసినవాడికీ ఈ సంగతి ఒకేలా తెలుసు. ఐదో రాత్రి పదకొండున్నరకు ‘ఇంకొక్క చోటు చూసి పడుకుంటాను’ అని నాలో నేను అనుకుంటుంటే, బావ ఫోను పట్టుకుని అక్కతో అన్న మాటలు అచ్చం అవేనని స్ఫురించి వీపు మీద చల్లగా పాకింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. శిబిరంలో ఒక వర్తకుడు ఏకంగా ‘జూదం’ అనే పేరుతోనే సరుకు అమ్ముతాడు. ముందు డబ్బు కట్టాలి, కొన్నాకే దాని గుణాలు తెలుస్తాయి. దాచిపెట్టిందేమీ లేదు, బల్ల మీద బోర్డే ఉంది. కాకపోతే అక్కడ కట్టేది ఆటలో రాలిన బంగారం. ఆ బంగారాన్ని కంపెనీ రూపాయలకు అమ్మదు. నేను వెతికిందంతా ఈ గీత కోసమే: మన జేబులో డబ్బు ఈ పాచికల దాకా వెళ్లే తలుపు ఎక్కడుంది?

ఆట కొనడానికి 30 డాలర్లు. అంటే రెండున్నర వేల పైచిలుకు. వాడు హాస్టల్లో పొదుపు చేసి కొనుక్కున్నాడట. ఆ తర్వాత దుకాణంలో అమ్మేవి రెండు రకాలు. ఒకటి అలంకారం: రెక్కలు, వెలిగే కవచాలు, వెంట తిరిగే జంతువులు. బలానికి వాటితో పనిలేదు. రెండోది గాదెలో చోటు. ఏరిన సామాను దాచుకునే అరలు ఉచితంగా కొన్నే ఇస్తారు, ఎక్కువ కావాలంటే కొనాలి. ఇది పైకి అమాయకంగా కనిపించే వ్యాపారం. ముందు మనకు ఏరే పిచ్చి పట్టిస్తారు, తర్వాత పెట్టుకునే చోటు అమ్ముతారు. పైగా 2025 ఆగస్టు నుంచి మనం ఆటలో లేనప్పుడు కూడా మన వస్తువుల్ని ఇతర ఆటగాళ్లకు అమ్మిపెట్టే ఏర్పాటు వచ్చింది. అలా అమ్మాలంటే డబ్బుతో కొన్న అర ఉండాలి. ఈ కంపెనీయే పాత ఆటలో మూసిన పెట్టెలు కూడా అమ్మింది. ఏ అలంకారం వస్తుందో తెరిచేదాకా తెలియని పెట్టెలు. అక్కడ పాచికలకు నిజం డబ్బు అంటింది. అలంకారమే కదా అని కొట్టిపారేయడం నాకు కష్టంగానే ఉంది.

ఫోన్లలో వచ్చే ఆటల్లో ఈ తలుపు బార్లా తెరిచి ఉంటుంది. 2022లో వచ్చిన ‘డయాబ్లో ఇమ్మోర్టల్’ను ఇలాంటి పెట్టెల మీద చట్టాల కారణంగా బెల్జియం, నెదర్లాండ్స్‌లో విడుదలే చేయలేదు. మన దగ్గర 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అది రమ్మీకి తగులుతుంది. డబ్బు కట్టి బొమ్మ కత్తి గెలిచే పెట్టె మాటేమిటంటే, తిరిగి డబ్బుగా మారనిది జూదం కాదు అనే వాదన పిల్లల దగ్గర నిలబడదని నా అభిప్రాయం. పదహారేళ్లవాడికి ఆ కత్తి డబ్బు కన్నా ఎక్కువ.

సరే, ఆట సంగతికి వద్దాం. ఇది నన్ను విసిగించిన చోట్లూ ఉన్నాయి. పాత్ర పెరిగేకొద్దీ బలాలు ఎంచుకునే పటం ఒకటుంది, అందులో దాదాపు 1,500 చుక్కలు. సంక్రాంతికి మా వాకిట్లో వేసే చుక్కల ముగ్గులన్నీ కలిపి పరిచినట్టుంటుంది. ఏ చుక్క నుంచి గీత ఎటు లాగితే రేపు ఏమవుతుందో కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. వాడు చెప్పాడు కాబట్టి బతికాను. ఊళ్లన్నీ చీకటి, వానలు, బురద. రంగున్న పువ్వు కంటబడితే పండగే. ఒక్కో చోటు మరీ పెద్దది, తోవ దొరక్క తిరిగి తిరిగి కాళ్లు నొప్పులొచ్చాయి అనబోయాను, వేళ్లు. మంత్రగత్తె చచ్చిపోతే ఆ ప్రాంతంలో చంపిన శత్రువులందరూ మళ్లీ లేచి కూర్చుంటారు. ఊడ్చిన ఇల్లు మళ్లీ ఊడ్చినట్టు.

ఇక నాకు నచ్చింది వస్తువుల్ని చేత్తో మార్చుకునే పద్ధతి. రాలే సొమ్ములో గోళాలు కొన్నుంటాయి. ఒకటి తెల్లదాన్ని నీలం చేస్తుంది, ఒకటి నీలాన్ని పసుపు చేస్తుంది, ఇంకొకటి ఖాళీ ఉంటే కొత్త గుణం కలుపుతుంది. ఏ గుణం కలుస్తుందో మళ్లీ పాచికలే. ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునేటప్పుడు డబ్బుగా చెల్లేవి కూడా ఈ గోళాలే. అంటే చేతిలో ఉన్న నోటునే పొయ్యిలో పెట్టి వంట చేయాలి! వాడాలా దాచాలా అనే లెక్క ప్రతిసారీ తేల్చుకోవాలి. నేను నా ఉంగరానికి ఒక విలువైన గోళం వాడాను. దానికి వచ్చిన గుణం: దొరికే వస్తువుల్లో అరుదైనవి 9 శాతం ఎక్కువ. ప్రాణం పెంచలేదు, దెబ్బ ఆపలేదు. ఆశను పెంచే ఉంగరం! వాడు చూసి “మంచిదే పిన్నమ్మా, అమ్మితే గిరాకీ ఉంటది” అన్నాడు. అమ్మలేదు.

మొదటి అంకం చివర జియోనార్ ప్రభువు. మనల్ని ఉరికంబం ఎక్కించినవాడు. కోటలో సగం పోరాటం మనిషిగా చేసి, మిగతా సగం తోడేలుగా మారి మీద పడతాడు. పదకొండోసారి వాడి ప్రాణం వేలెడంత మిగిలి ఉండగా మా వీధిలో కరెంటు పోయింది. లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది, వైఫై పెట్టె ఆరిపోయింది. ఇది నెట్ లేకుండా ఆడే ఆట కాదు. ఒంటరిగా ఆడుతున్నా సరే, తీగ తెగితే ఆట తెగినట్టే. మా వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. కరెంటు వచ్చేసరికి ప్రభువు గారు నిండు ప్రాణంతో నా కోసం కాచుకుని ఉన్నారు. పద్నాలుగోసారి పడ్డాడు. రాలినవాటిలో పసుపు చేతొడుగులు ఒక జత. వాటికి నాలుగు గుణాలు. వాటిలో ఒకటి ఆయుధం విసిరే వేగం పెంచుతుంది. ఎముకల చేత యుద్ధం చేయించే నాకు అదెందుకు? అయినా ఆ పూట ఆ చేతొడుగుల మీద నాకు ధ్యాసే లేదు. గెలిచిన ఊపు చాలాసేపు ఉంది. రమ్మీలో గెలిచిన బావ ముఖం నేను చూశాను, అందులో ఈ రకం సంతోషం ఉండేది కాదు. పోయింది తిరిగొచ్చిందనే ఊరట మాత్రమే ఉండేది.

అక్కకు ఏం చెప్పాలో ఎనిమిదో రోజుకు తేలింది. వంటింట్లో ఆమె చేపలు తోముతుంటే చెప్పాను. ఇది అది కాదు అన్నాను. వాడు కట్టాల్సింది ఒక్కసారే కట్టేశాడు, ఇందులో పోయేది డబ్బు కాదు అని. వెంటనే ఇంకో మాట కూడా చెప్పాను. లాగే తాడు మాత్రం అదే తాడు, పోయేది నిద్ర, చదువుకునే పూట. దుకాణంలోకి వాడు ఎప్పుడెళ్లినా నీకు చెప్పి వెళ్లేట్టు మాట తీసుకో, నీ ఫోనుకు బ్యాంకు మెసేజీలు వచ్చేట్టు పెట్టుకో అని. అక్క చేపలు కడిగిన నీళ్లు పారబోసి వచ్చి, “వాళ్ల నాయన కూడా మొదట ఒక్కసారే కట్టినాడు” అంది. నేను జవాబు చెప్పలేదు. ఆమె అడగబోయేదీ అదే, తెలుసు. సాయంత్రం వాడే తన ఖాతాలో కొనుగోళ్ల పేజీ తెరిచి అమ్మకు చూపించాడు. ఒక్కటే వరస ఉంది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని తారీఖుతో సహా చదివింది.

ఆడాలనుకునేవాళ్లకి కొన్ని వివరాలు. పూర్తి ఆట విడుదలయ్యాక ఉచితమని కంపెనీ చెప్పింది కాబట్టి, ఆత్రం లేనివాళ్లు ఆగొచ్చు. ఖాళీ స్థలం 100 జీబీ దాకా కావాలి, 8 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. మామూలు ఆఫీసు లాప్‌టాప్‌ల్లో కుదరదు. ప్లేస్టేషన్ 5లో, ఎక్స్‌బాక్స్‌లో కూడా దొరుకుతుంది. తెలుగులో లేదు, ఇంగ్లీషు చదివే ఓపిక ఉండాలి. రక్తం, శవాలు దండిగా ఉన్నాయి, చిన్నపిల్లల ముందు పెట్టేది కాదు. మొదటిసారి ఆడేవాళ్లు మంత్రగత్తెను తీసుకుంటే నయం. ముందు ఎముకల బంట్లు దెబ్బలు తింటాయి, చచ్చినా కాసేపటికి వాటంతటవే లేస్తాయి, మనకు దొర్లడం నేర్చుకునే వ్యవధి దొరుకుతుంది.

సెలవులైపోయి వాడు లాప్‌టాప్‌తో సహా కాలేజీకి వెళ్లిపోయాడు. నా మంత్రగత్తె రెండో అంకం ఎడారిలో, ఒక బిడారు దగ్గర ఆగి ఉంది, ఆ ఉంగరం వేలికి పెట్టుకుని. సంక్రాంతికి వాడు మళ్లీ వస్తాడు.